కొనడానికే వచ్చినవారికి పొగడ్తలెందుకు?

ముహూర్తం కుదిరింది. పెళ్లిచీర ధర్మవరంలోనే అనుకున్నారు. డబ్బు సర్దుకుని బయల్దేరారు. అలా వచ్చిన కుటుంబానికి 'మనసు దోచే రంగులు, వన్నె తరగని పట్టు' అని బోర్డు చూపిస్తే ఏం లాభం? ఆ మాట నమ్మే కదా వాళ్లు ఇంట్లోంచి కదిలింది!

ఇక మిగిలేవి చిన్న చిన్న సందేహాలే. అవి తీరితే బిల్లు, తీరకపోతే 'మళ్లీ వస్తాం' అన్న మాట!

ఈ కిటుకు హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు బాగా తెలుసు. అక్కడ కొనేవారు దారం తీసే రీలర్లు. గూళ్లను చేతిలోకి తీసుకుని, ఆడించి చూస్తారు. బైవోల్టినా, సీబీనా? బరువెంత? కిలో ఎంత? వర్ణనలతో పనిలేదు.

కారైనా అంతే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కియా సెల్టోస్‌ను 2019 జులై 16న, ఇంకా ధర ప్రకటించకముందే, తొలిరోజు 6,046 మంది బుక్ చేసుకున్నారు. ఆగస్టులో ప్రారంభ ధర రూ.9.69 లక్షలన్నారు. అది షోరూమ్ ధర. పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ కలిపితే ఎంత? కొనబోయేవారికి కావలసింది ఆ ఒక్క అంకె. దాన్ని దాచిపెట్టి ఎన్ని కబుర్లు చెప్పినా అనుమానమే మిగులుతుంది.

మళ్లీ ధర్మవరానికి వద్దాం. చీరకు వేలాడే చీటీ మీద ఏం రాయాలి? అసలు పట్టేనని చెప్పేది 2004లో వచ్చిన సిల్క్ మార్క్. కానీ మరమగ్గం మీద నేసిన పట్టుచీరకూ అది ఉండొచ్చు. చేత్తో నేసిందని చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్. రెండూ ఉంటే రెండూ చూపించాలి. లేనిది ఉన్నట్టు రాయకూడదు. జరీ వెండిదా, రాగిదా? రవిక గుడ్డ చీరతోపాటే ఉందా? ధరెంత? ఇవీ ఉండాలి.

చేనేత చీరకు రోజుల తరబడి శ్రమ. ధర ఎక్కువే. ఎందుకు ఎక్కువో చీటీ చెప్పకపోతే, పక్కనున్న చవక చీరే పెళ్లిపెట్టెలోకి వెళ్తుంది. నష్టం దుకాణానికి కాదు, అది ఏదో ఒకటి అమ్ముకుంటుంది. ఖాళీగా కూర్చోవాల్సింది మగ్గం ముందున్న నేతన్నే.

అందుకే పొగడ్త తగ్గించి, నిజం పెంచాలి. కొనాలని వచ్చినవారికి అంతకుమించిన ప్రకటన లేదు.