తెల్ల సబ్బు అడిగేవాళ్లు నూనె పేరు కూడా అడగాలి

సబ్బు తెల్లగా ఉండాలి. ఇంట్లో చేసినదై ఉండాలి. అందులో రంగులూ పొడులూ ఏవీ కలపకూడదు. ఈమధ్య మా చరోదా రైల్వే కాలనీలోనూ, పక్కనే భిలాయి-3లోనూ, సుపేలా ఆదివారం సంతలోనూ జనం అడుగుతున్నది ఇదే. మూడు కోరికలూ ఒకే సబ్బులో తీరతాయి, అబద్ధం కాదు. కాకపోతే అందుకు పనికొచ్చే నూనె మన దేశంలో సామాన్యుడికి దొరికేది దాదాపు ఒక్కటే. దాని ధర తక్కువేమీ కాదు, దానికో లోపమూ ఉంది. ఆ సంగతి చెప్పకుండా తెల్ల సబ్బు చేతిలో పెట్టి డబ్బు పుచ్చుకునేవాళ్ల మీదా, వాళ్లకలా నేర్పుతున్నవాళ్ల మీదా నా ఫిర్యాదు.

నేను సబ్బుల వ్యాపారిని కాను. ఇక్కడి మార్షలింగ్ యార్డులో వ్యాగన్ల కిందికి దూరి బ్రేకు గేరు చూసి రిటైరైనవాణ్ణి. భిలాయి కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959లో మొదటి కొలిమి వెలిగింది. ఆ పిలుపుకు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బయల్దేరి వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. కొందరు ప్లాంటులో చేరారు, కొందరు రైల్వేలో. యార్డులో పనిచేసినవాడికి సబ్బంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వ్యాగన్ గ్రీజు నీళ్లకు లొంగదు. ముందు కిరసనాయిలు, తరువాత కాటన్ వేస్టు, ఆ తరువాత ఆ కిరసనాయిలును వదిలించడానికి సబ్బు. ఇంటికొచ్చేసరికి అరచేతులు పగిలి మండేవి. ఆ మంట ఎందుకని వాకబు చేయబోయి సబ్బు వండటంలోకి దిగాను.

సబ్బు రంగు ఎక్కడిదో ముందు చెప్పాలి. నూనె, కాస్టిక్ సోడా, నీళ్లు. ఈ మూడూ కలిస్తే సబ్బూ గ్లిజరినూ తయారవుతాయి. కాస్టిక్ నీళ్లకు రంగు లేదు. అంటే సబ్బు రంగంతా నూనెదే. వేపనూనె పోస్తే మట్టిరంగు వస్తుంది. తవుడు నూనె పోస్తే లేత పసుపు, మొదట పిండిన ఆలివ్ నూనె పోస్తే పచ్చ ఛాయ. కొబ్బరినూనె పోస్తే తెలుపు. విదేశాల్లో పాతకాలం తెల్ల సబ్బులు చాలామటుకు పశువుల కొవ్వుతో వచ్చినవే. అది మన ఇళ్లలో సాగదు. వందేళ్ల కిందట గోద్రెజ్ వాళ్లు కొవ్వు లేకుండా నూనెలతో సబ్బు చేసి అదే గొప్పగా చాటుకున్నారంటే కారణం ఇదే. 1983లో వనస్పతిలో కొవ్వు కలుస్తోందని లేచిన గొడవ నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి మనకు మిగిలింది కొబ్బరి.

ఈ విషయంలో నాకు అదృష్టం కలిసొచ్చింది. మా ఆవిడది కవిటి, ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అక్కడి కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. నిలిచిన చెట్లూ, తరువాత నాటినవీ ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. మా బావమరిది సమతా ఎక్స్‌ప్రెస్‌లో విజయనగరం నుంచి వచ్చినప్పుడల్లా ఒక డబ్బా గానుగ నూనె తెస్తాడు. అన్ని డబ్బాలూ ఒకటి కావు. ఎండలో బాగా ఆరిన కురిడీ ఆడిస్తే నూనె నీళ్లలా తేటగా వస్తుంది, సబ్బు మల్లెపువ్వే. వానాకాలంలో ఎండ చాలక పొగ పెట్టి ఆరబెట్టిన కురిడీదైతే నూనె ముదురు పసుపు, సబ్బూ అంతే. అదీ కల్తీ లేని నూనే. కానీ ఇక్కడ ఎవరికి ఇచ్చినా "ఏటి బావా, ఇది పాతదా?" అంటారు.

ఇక లెక్క. కిలో కొబ్బరినూనె మొత్తాన్నీ సబ్బు చేయడానికి సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. ఇప్పనూనెకైతే 135 గ్రాముల చుట్టుపక్కల సరిపోతుంది. ఏ నూనె లెక్క దానిదే, ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే ఒళ్లు కాలుతుంది. ఒంటికి రాసుకునే కొబ్బరి సబ్బుకు నేను కిలోకి 150 గ్రాములే వేస్తాను. ఆరో వంతుకు కాస్త పైగా నూనె సబ్బు కాకుండా లోపల మిగిలిపోతుంది. ఎందుకంటే కొబ్బరి సబ్బు మహా చురుకు. మురికితో పాటు చర్మంలో ఉన్న జిడ్డునీ లాగేస్తుంది. ఇందాక లోపం అన్నది ఇదే. అందరూ అడిగే తెల్లటి సబ్బే, నూనె మిగల్చకుండా చేస్తే, అన్నిటికన్నా ఎక్కువ ఒళ్లు ఎండగొట్టే సబ్బు. చలికాలంలో మా వైపు కాళ్లు బూడిద పూసినట్టు పగులుతాయి, అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. దాని గుణం కూడా చెప్పాలి. సముద్రపు నీళ్లలో సైతం నురగనిచ్చేది కొబ్బరి సబ్బే, అందుకే ఓడల్లో వాడేవారు. మా వీధి బోరు నీళ్లు బకెట్ అంచున తెల్లచార కట్టేంత కఠినమైనవి. వాటిలోనూ ఇది నురగనిస్తుంది.

చేసే పద్ధతిలో రెండు మూడు జాగ్రత్తలు ప్రాణంతో సమానం. కాస్టిక్‌ను నీళ్లలో వేయాలి గాని కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు, గదిలో పిల్లలు ఉండకూడదు. గిన్నె స్టెయిన్‌లెస్ స్టీలుదే కావాలి. అల్యూమినియం అయితే కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. (స్టీలు ఊళ్లో ఉండి గిన్నెకు కొదవా అంటారు కొత్తగా వచ్చిన చుట్టాలు. మా భిలాయిలో తీసేది రైలు పట్టాలూ ప్లేట్లూ బాబూ, చెంబులూ గిన్నెలూ కాదు.)

తెలుపు చెడకుండా ఉండటానికి నేను పాటించేవి ఇంకొన్ని ఉన్నాయి. నీళ్లు బోరువి కాదు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. ఇనుమూ రాగీ ఏ కొంచెం ఉన్నా సబ్బులో మిగిలిన నూనె తొందరగా మురిగిపోయి నారింజరంగు మచ్చలు లేస్తాయి. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు మాది. ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి చూస్తే చాలు, సబ్బు ఆరబెట్టేటప్పుడు బట్ట ఎందుకు కప్పాలో అర్థమవుతుంది. అచ్చులో పోశాక సబ్బు దానంతటదే వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే నడుమ జిగురులా పారదర్శకమై, చల్లారాక తెలుపు తగ్గి దంతపు రంగుకు దిగుతుంది. అందుకే దుప్పటి చుట్టను, చల్లగా పోసి చల్లచోట పెడతాను. మే నెలలో మాకు 45 డిగ్రీలు, అప్పుడు ఫ్రిజ్ తప్ప గతి లేదు. ఫ్రిజ్‌లో పెరుగు పక్కన సబ్బు పెట్టే విషయంలో ఇంట్లో ఇప్పటికీ సంధి కుదరలేదు కాబట్టి నా పనంతా డిసెంబరు, జనవరిల్లోనే. కొబ్బరి సబ్బు తొందరగా గట్టిపడుతుంది. పోసిన కొన్ని గంటల్లో కోసేయాలి, తెల్లారేదాకా ఆగితే కత్తికి పొడిపొడిగా రాలుతుంది. కోశాక నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరాలి.

వాసన కోసం వెనిలా వేస్తే గోధుమరంగు ఖాయం. పాలూ తేనే వేసినా అంతే, వాటిలోని చక్కెర ఆ వేడికి మాడుతుంది. ఇక పసుపు వేసి పచ్చటి సబ్బు చేద్దామనుకునే అమ్మాయిలకు ఒక మాట. దిష్టి నీళ్లలో సున్నం కలపగానే పసుపు ఎర్రబడుతుంది గదా, కాస్టిక్ దగ్గర కూడా అదే జరుగుతుంది.

ఇంత చాకిరీ చేసి, ఇంత ఖరీదు పెట్టి (2025లో కొబ్బరినూనె ధర ఎలా ఎగబాకిందో కొన్నవాళ్లకు తెలుసు) తెచ్చే తెలుపు, ప్రదర్శనల్లో స్టాళ్ల మీద అంత చవగ్గా ఎలా దొరుకుతోంది? జవాబు చిన్నదే. అది అక్కడ వండిన సబ్బు కాదు. సోప్ బేస్ అని ఫ్యాక్టరీ నుంచి దిమ్మలుగా వస్తుంది. కరిగించి, సువాసన కలిపి, పువ్వు అచ్చుల్లో పోసి, పైన జనపనార కడతారు. ఆ తెలుపు టైటానియం డయాక్సైడ్ అనే పొడిది. గోడల రంగుల్లో వాడేది అదే. విషమేం కాదు, ఎండ నుంచి కాపాడే క్రీముల్లోనూ ఉంటుంది. దాన్ని తీసే ఇల్మనైట్ ఖనిజం మా శ్రీకాకుళం తీరపు ఇసుకలోనే ఉంది, చూడటానికి నల్లటి ఇసుక. ఒకే ఒడ్డున కొబ్బరిచెట్టూ ఉంది, ఈ ఇసుకా ఉంది. రెండింటి నుంచీ తెలుపు వస్తుంది. కొనేవాడికి తేడా చెప్పాలా వద్దా అన్నదే నా ప్రశ్న.

స్టాల్లో కూర్చున్న ఆడవాళ్లను నేను తప్పుపట్టను. స్వయం సహాయక బృందాలకని పెట్టే శిక్షణలు కొన్ని దగ్గరుండి చూశాను. ఒక పూటలో బేస్ కరిగించడం, రంగు కలపడం, అచ్చు వేయడం, చివర ఫొటో. కాస్టిక్ పేరెత్తరు, ప్రమాదమట. ఆ అమ్మలే రోజూ పొద్దున్నే సలసల కాగే నూనెలో వడలు వేస్తున్నారే! తక్కెడ, కళ్లద్దాలు, తొడుగులు ఇచ్చి వారం రోజులు కూర్చోబెట్టి నేర్పితే వాళ్లకు రాని విద్యా ఇది? అలా నేర్పనందువల్ల పచ్చిసరుకు కోసం ఎప్పటికీ బేస్ అమ్మేవాడి దగ్గరికే పోవాలి. లాభంలో పెద్ద ముక్క వాడిదే.

ఈలోగా ఇక్కడి నూనె ఇక్కడే చవకబారు సరుకుగా పోతోంది. ఛత్తీస్‌గఢ్‌లో ఇప్పచెట్టుకు కరువు లేదు. గింజను ఇక్కడివాళ్లు టోరీ అంటారు. ఆ నూనె చలికాలంలో సగం పేరుకుని వెన్నలా ఉంటుంది, ఒంటికి మహా మెత్తన. వేప, కానుగ, ఇప్ప లాంటి నూనెలతో సబ్బు చేయమని ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ఏనాటి నుంచో చెబుతూనే ఉంది. విశాఖపట్నంలో 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ ఇప్పటికీ సబ్బులు అమ్ముతోంది. కానీ ఇప్ప సబ్బు తెల్లగా రాదు, లేత పసుపు. పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టే సబ్బునూ చూసే మనవాళ్లు దాన్ని పక్కన పెడతారు. కొబ్బరి ఏడు పాళ్లు, ఇప్ప మూడు పాళ్లు కలిపితే మీగడరంగు వస్తుంది. నా ఉద్దేశంలో ఇంటి సబ్బుకు అంతకు మించిన తెలుపు కోరడం ఒంటికి మంచిది కాదు, జేబుకూ మంచిది కాదు.

చట్టం సంగతీ ఒకటుంది. సబ్బు ఒకప్పుడు కాస్మెటిక్స్ లెక్కలో లేదు, 1982 సవరణతో చేరింది. ఇప్పుడు 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం అమ్మకానికి సబ్బు చేయాలంటే లైసెన్సు ఉండాలి, లేబుల్ మీద పదార్థాల జాబితా ఉండాలి. మంచిదే. కానీ ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్ముకునే ఆవిడకు నామమాత్రపు రుసుముతో నమోదు చేసుకునే దారి ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చింది. వంటింట్లో ఇరవై సబ్బులు కోసే ఆవిడకు అలాంటి దారి లేదు, ఫ్యాక్టరీకి పెట్టిన గుమ్మమే ఆవిడకూ. చిన్నవాళ్లకు తేలిక నమోదు ఇచ్చి, బదులుగా మూడు మాటలు పెద్దక్షరాల్లో రాయమనాలి: ఏయే నూనెలు, ఇక్కడ వండిందా లేక బేస్ కరిగించిందా, తెలుపు కోసం పొడి కలిపారా. తమ శిక్షణలో తయారైన సబ్బుకు ఈ మూడు మాటలు రాయించడానికి జిల్లా అధికారులకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

ఆ తేలిక నమోదు వచ్చేదాకా నేను అమ్మను. చుట్టాలకూ, కాలనీలో తెలిసినవాళ్లకూ ఇస్తాను, కాగితం మీద నూనెల పేర్లూ కోసిన తారీఖూ రాసి. మొన్న మా మేనకోడలు వచ్చి తెల్లవన్నీ ఏరుకుని, "మావయ్యా, ఈ పసుపువి అత్తకే ఉంచు" అంది. అత్త అడ్డు చెప్పలేదు. ఒంటికీ మొహానికీ ఆవిడ వాడేది ఎటూ ఇప్ప కలిపిందే. తెల్లదాన్ని నా చొక్కా కాలర్లకు వాడుతుంది.