లార్చి కలప: నాటినవారి లెక్క, కాలపు లెక్క

కలప యనగానే మనకు టేకు, మద్ది, వేప స్ఫురించును. లార్చి యను పేరు మన విద్యార్థులలో పలువురు విని యుండరు. ఆల్ప్స్ పర్వతములందును, సైబీరియా మంచునేలలందును పెరుగు ఈ వృక్షము దేవదారునకు దగ్గరి చుట్టము. అయితే దేవదారు ఏడాది పొడవునా పచ్చగా నుండగా, లార్చి శీతకాలమునకు ముందు పసుపుబారి ఆకులన్నియు రాల్చును. చలినేలలో నెమ్మదిగా పెరిగినందున దాని చేవ ఎర్రగా, గట్టిగా, జిగురుతో నిండి యుండును. తడికి త్వరగా చివికిపోదు. వెనిస్ నగరము క్రింద నీటిలో దిగగొట్టిన గుంజలలో ఓక్‌తో పాటు లార్చియు గలదు.

స్కాట్లండులో నాల్గవ అథోల్ డ్యూక్ జాన్ మర్రే (మరణము 1830) తన కొండలపై లక్షలాది లార్చి మొక్కలను నాటించెను. ఓక్ కొరవడిన బ్రిటిషు నౌకాదళమునకు ఈ కలప అక్కరకు వచ్చునని ఆయన లెక్క. 1820లో ఊల్విచ్ ఓడరేవున ఒకే నమూనాపై రెండు యుద్ధనౌకలు సిద్ధమైనవి. 'అథోల్' లార్చితోను, 'నీమెన్' బాల్టిక్ ప్రాంతపు ఫర్ కలపతోను కట్టబడినవి. నీమెన్‌ను 1828లోనే విప్పివేసిరి. అథోల్ ఏదో ఒక పనికి ఉపయోగపడుచు 1863 వరకు నిలిచినది. పరీక్షలో లార్చి నెగ్గినది; కాని ఆ కొండలపై చెట్లు ముదురుసరికి ఓడలు ఇనుముతో కట్టనారంభించిరి!

ఆ శ్రమ వృథాయైనదని కొందరనవచ్చును. మేము అంగీకరింపము. యుద్ధనౌకలకు అక్కరలేని లార్చి చేపల పడవల పలకలకు, కంచె గుంజలకు, కొట్టముల దూలములకు పోయినది. నిలుచు గుణము గల కలపకు గిరాకి ఒక వాకిట మూసికొన్నను మరియొక వాకిట తెరచుకొనును. నేటి ధరను బట్టి చెట్టును నాటువాడు వ్యాపారియే గాని వనపాలకుడు కాడు.

అయితే మా మెప్పునకు ఒక హద్దు గలదు. ఇరువదవ శతాబ్దమున బ్రిటనులో కొండలు కొండలుగా లార్చినే, అందును త్వరగా ఎదుగు జపాను లార్చిని, నాటిరి. 2009లో నైరుతి ఇంగ్లండున ఫైటోఫ్తొరా రామోరం అను తెగులు ఈ చెట్లకు సోకెను. అది వ్యాపింపకుండ తోపులకు తోపులు నరకవలసి వచ్చినది. కొట్టిన పిదప దశాబ్దములు నిలుచు కలప, ప్రాణముతో నున్నప్పుడు ఇంత సుకుమారము! ఇనుప ఓడలను ఊహింపని డ్యూకును మేము తప్పుపట్టము. ఒకే జాతిని నమ్మి అడవులు పెంచినవారిని మాత్రము తప్పుపట్టుదుము. వేల్సు లోయలలో లార్చి తీసివేసిన చోట్ల నిపుడు పలు జాతులను కలిపి నాటుచున్నారు.