మైనస్ రెండు శ్రుతి

జపాన్‌లో స్నాక్ అంటే చిరుతిండి కాదు. "సునాక్కు" అని పలుకుతారు. ఎనిమిది కుర్చీలు, ఒక కౌంటరు, దాని వెనక గోడ నిండా మెడలో పేర్ల బిళ్ళలు వేలాడే విస్కీ సీసాలు, మూలన పాటల మెషీను, ఇంతటినీ ఒంటిచేత్తో నడిపే ఒక పెద్దావిడ. ఇదీ స్నాక్. కిటికీలుండవు. తలుపు దళసరి చెక్కది. లోపల ఏం జరుగుతోందో బయటికి కనపడదు గానీ పాట మాత్రం లీలగా వినిపిస్తూ ఉంటుంది, అదీ చాలాసార్లు శ్రుతి తప్పి. 1964 టోక్యో ఒలింపిక్స్ నాటికి అర్ధరాత్రి దాటాక నడిచే బార్ల మీద ఆంక్షలు బిగిశాయనీ, "మాది ఉత్త బారు కాదండీ, తినడానికీ పెడతాం" అని చెప్పుకోవడానికి ఈ పేరు పుట్టిందనీ అంటారు. ఇప్పటికీ కూర్చోగానే ఒక వేడి తడిగుడ్డా, చిన్న గిన్నెలో ఉడికించిన ముల్లంగో వంకాయో వచ్చి తీరుతుంది. మా వీధి చివరి స్నాక్‌లో కూర్చున్నందుకు రెండున్నర వేల యెన్లు, పాటకి 100. గింజా వైపు వెళ్ళి తాగేవాళ్ళకి ఇది నవ్వొచ్చే లెక్క.

ఆ పెద్దావిడని అందరూ "మమ" అంటారు. అంటే అమ్మ. ఈ మాట మా ఇంట్లో తెచ్చిన తంటా ఇంతా అంతా కాదు.

"రాత్రి పదింటికి ఇల్లు పట్టకుండా ఎక్కడున్నావే?" అంది అమ్మ తెనాలి నుంచి. మాకు రాత్రి పదంటే అక్కడ ఆరున్నర, సంధ్యదీపం వేళ.

"మమ దగ్గరున్నా."

"ఏ మామ? మనవాళ్ళెవరున్నారక్కడ?"

విడమరిచి చెప్పాను. అంతా విని, "మందు అమ్ముతారా?" అంది.

"అమ్ముతారు."

"మరి బారేగా."

"పాటలు పాడుకుంటారమ్మా."

"బార్లో పాటలా!"

అమ్మ కళ్ళముందు ఆ క్షణంలో ఏం మెదిలిందో నాకు తెలుసు. జ్యోతిలక్ష్మి క్లబ్బు డాన్సు, విలన్ చేతిలో గ్లాసు, వెనకాల పీపాలు. ఇక్కడేమో నా ఎడం పక్కన కూర్చున్నది చేపల దుకాణం ఆయన. కుడి పక్కన మా ఆయన, వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ. ఆ ఒలుపుడు తప్ప ఆయనకి అక్కడ వేరే పనేమీ ఉండదు, ఇన్నేళ్ళలో ఒక్క పాటా పాడలేదు.

కరావోకే అన్న మాటలో "కర" అంటే ఖాళీ. "ఓకే" అన్నది ఆర్కెస్ట్రా అనే ఇంగ్లీషు మాటని జపనీస్ నోట్లో నలిపి తుంచేస్తే మిగిలిన ముక్క. గాయకుడు లేని వాద్యబృందం అన్నమాట. ఎవరు కనిపెట్టారంటే ఒక్క పేరుతో తేలదు. 1967లో టోక్యోలో నెగిషి షిగెఇచి అనే చిన్న ఎలక్ట్రానిక్స్ వ్యాపారి, నీ పాట బాగోలేదని తన దగ్గర పనిచేసే అతను ఆటపట్టిస్తే, వెనక వాయిద్యాలు తోడుంటే బాగుంటుందని టేపు, మైకు, స్పీకరు కలిపి పెట్టె చేశాడు. 1971లో కోబేలో ఇనొఉఎ దైసుకె, బార్లలో కస్టమర్ల పాటలకి వాయిద్యం వాయించి బతికేవాడు, తనని ఊరి ప్రయాణానికి రమ్మన్న ఒక కంపెనీ ప్రెసిడెంటుకి తాను వెళ్ళలేక టేపు రికార్డు చేసిచ్చాడు. అది బాగుందనేసరికి నాణెం వేస్తే పాడే మెషీన్లు 11 చేసి బార్లకి అద్దెకిచ్చాడు. ఇద్దరూ పేటెంటు తీసుకోలేదు. ఇనొఉఎకి 2004లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, ఒకరినొకరు భరించడం మనుషులకి నేర్పినందుకని. నవ్వులాటకే ఇచ్చారు, నిజమే. కానీ రెండు యంత్రాలూ గొంతు బాగున్నవాళ్ళ కోసం పుట్టలేదు. ఒకటి పాట బాగోలేదనిపించుకున్న మనిషి చేసింది, ఇంకొకటి తోడు లేకపోతే పాడలేని మనిషి కోసం చేసింది.

మన దగ్గర అలా కాదు కదా. పెళ్ళిచూపుల్లో "పాట వచ్చా?" అని అడుగుతారు. వస్తే పాడాలి, రాకపోతే నోరు మూసుకోవాలి. మధ్యలో ఇంకో దారి లేదు. 1996లో ఈటీవీలో "పాడుతా తీయగా" మొదలయ్యాక ప్రతి ఇంటి సోఫాలోనూ ఒక జడ్జి వెలిశాడు. సంగీతం ఒక్క ముక్క రాని మా బాబాయి కూడా "ఆ రెండో సంగతి తేలిపోయింది" అనేవాడు. బాలు గారి మీద నాకు ఫిర్యాదేం లేదు, ఆయన పిల్లల్ని సరిదిద్దిన తీరు ఎవరికీ రాదు. ఆయన పక్కన కూర్చోవడం మాత్రం మనందరికీ అలవాటైపోయింది. మైకు ముందు నిలబడటం అలవాటు కాలేదు.

స్నాక్‌లో పద్ధతి వేరు. ఎవరు ఎలా పాడినా చప్పట్లు కొట్టాలి. అది మర్యాద. మెషీన్లో మార్కులు వేసే మీట ఉంది, మమ దాన్ని ఎప్పుడో ఆపేసింది. "డబ్బులిచ్చి మరీ తిట్టించుకోవడం ఎందుకు?" అంటుంది. ఒకరి పాట అవుతుండగా మాట్లాడుకోవచ్చు, కానీ చివరి చరణం దగ్గరికి వచ్చేసరికి అందరూ మాటలాపి చేతులు సిద్ధం చేసుకుంటారు. ఇంకొకరి పాటని అదే రాత్రి మళ్ళీ పాడకూడదు. ఇవేవీ గోడ మీద రాసి ఉండవు. కొత్తవాళ్ళు తెలుసుకోవాల్సిందే.

మమకి తెలిసినంత శ్రుతి జ్ఞానం నేను ఏ పాటల టీచరులోనూ చూడలేదు. మెషీన్లో పాటని ఒక్కో మెట్టు పైకీ కిందికీ జరిపే మీటలుంటాయి. ఎవరు లేచినా, వాళ్ళు అడగకముందే ఆవిడ వేలు వాటి మీద ఉంటుంది. చేపలాయనకి మైనస్ నాలుగు. పోస్టాఫీసులో చేసే అమ్మాయికి ప్లస్ ఒకటి. జలుబు చేసిందని గొంతులో పట్టేసిందంటే ఇంకో మెట్టు తగ్గిస్తుంది, చెప్పకుండా. నాకు మైనస్ రెండు. ఈ దేశంలో నా చెప్పుల సైజు కూడా ఇంకెవరికీ తెలియదు.

మొదట్లో నాకిచ్చిన పాట టెరెసా టెంగ్‌ది, 1986 నాటిది. "ఈమె కూడా ఇక్కడ పుట్టలేదు, తైవాన్ మనిషి. నువ్వూ పాడు," అంది మమ. తర్వాత ఎన్‌క పాటల్లోకి దిగాను. ఎన్‌క అంటే ఓడరేవులు, మంచు, విడిపోవడం, చవక సారాయి. అందులో గొంతు విరిచే తీరుని "కొబుషి" అంటారు. మన గమకానికి దూరపు చుట్టం. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఆ పోలిక నచ్చకపోవచ్చు, నాకు మాత్రం అది గొంతులోకి పెద్దగా పెనుగులాట లేకుండా వచ్చింది. భాష కూడా సాయం చేసింది. జపనీస్ మాటలు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. మినహాయింపు ఒక్క "న్" మాత్రమే, అచ్చంగా మన ద్రుతం లాగా. చిన్నయసూరిని ఎక్కాల్లా వల్లె వేయించిన మా తెలుగు మాస్టారికి ఈ సంగతి చెప్పి ఉంటే మురిసిపోయేవారు. తెర మీద కఠినమైన చైనా అక్షరాల నెత్తిన చిన్న చిన్న అక్షరాల్లో ఉచ్చారణ రాసి ఉంటుంది, పాట నడిచేకొద్దీ వాటి రంగు మారుతుంటుంది. రైలు స్టేషన్లలో ఫిరాయించే అక్షరాలు సగం నేను అలా నేర్చుకున్నవే. ఫలితంగా కన్నీళ్ళు, రేవు, వాన, వీడ్కోలు గడగడా చదువుతాను, ఆదాయపన్ను కాగితం మాత్రం చదవలేను.

ఇంక టాక్సీ తాతగారి సంగతి. టాక్సీ నడిపి రిటైరయ్యాడు, 80 దాటాయి. ఆయన పాట ఒక్కటే, 1961లో వచ్చిన గింజా ప్రేమకథ పాట. ఇషిహర యూజిరో, మకిమురా జున్‌కో పాడిన యుగళం. జపాన్‌లో కాస్త వయసున్నవాళ్ళెవరికైనా అది వచ్చు. ఆయన దాన్ని ఈ కుర్చీల్లోనే భార్యతో పాడేవాడట. ఆవిడ పోయాక ఆడగొంతు మమ పాడుతూ వచ్చింది. ఒక చలికాలం మమకి గొంతు పూడుకుపోయి, మైకు నా ముందు పెట్టింది.

ఒక్క క్షణం ఆగాను. పరాయి మగాడితో, బార్లో, ప్రేమపాట. తెనాలిలో మా వీధి వీధంతా వచ్చి వెనకాల నిలబడినట్టయింది. మా ఆయన వైపు చూశాను. "పాడు, నీ ముల్లంగి నేను తినేస్తా," అన్నాడు.

తెర మీద మగగొంతు మాటలు నీలంగా, ఆడగొంతువి గులాబీగా వస్తాయి. తాతగారు నన్ను చూడలేదు. నీలం వచ్చినప్పుడు తెరని చూసి పాడాడు. గులాబీ వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నాడు, పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఆవిడ భాగం కూడా ఆయనకి కంఠతా వచ్చు. అయ్యాక చప్పట్ల మధ్య వంగి దణ్ణం పెట్టి, "రెండో చరణం కొంచెం తొందరగా ఎత్తుకుంటావు. మా ఆవిడా అంతే," అన్నాడు. అప్పటినుంచి గులాబీ రంగు నాది.

కొన్నాళ్ళకి మమ మెషీను ఆపేసి, "ఇవాళ మీ ఊరిది ఏదైనా" అంది. మల్లీశ్వరిలో భానుమతి పాట ఎత్తుకున్నాను. 1951 సినిమా, కృష్ణశాస్త్రి మాటలు, సాలూరి రాజేశ్వరరావు వరస, మా అమ్మ వంటింట్లో పాడే పాట. పల్లవి సాఫీగా నడిచింది. ఒకటిన్నర చరణం అయ్యేసరికి మాటలు అయిపోయాయి. తెర నల్లగా ఉంది. పాతికేళ్ళుగా వింటున్న పాట నాకు అంతే వచ్చునని అప్పుడు తెలిసింది. మిగతాది కూనిరాగంతో లాగాను, యథావిధిగా చప్పట్లు కొట్టారు. జపనీస్‌లో అయితే నాకు పన్నెండు పాటలు మొదలు నుంచి చివరిదాకా వచ్చు.

మర్నాడు అమ్మకి ఫోన్ చేశాను. "భానుమతి పాట బార్లో పాడావా!" అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. పాటల పుస్తకం. సినిమా హాలు బయట పైసలకి అమ్మేవారే, సగం కథ చెప్పి మిగతాది వెండితెర మీద చూడమనేది, అది. సెకండ్ రిలీజులో కొన్నదట, పసుపు మరకతో సహా దాచింది. వెంటనే ఫోన్ చేసి, "ఏదీ, ఆ రెండో చరణం ఎలా అందుకున్నావో పాడు," అంది. పాడాను. "అలా కాదు," అంది. నలభై నిమిషాలు పట్టింది.

మమ దగ్గరా అలాంటి పుస్తకమే ఉంది, టెలిఫోన్ డైరెక్టరీ అంత లావుది, పాటల పేర్లూ నంబర్లూ. ఇప్పుడు పాటలన్నీ నెట్ నుంచి వస్తాయి, పలక లాంటి దాని మీద వేలితో వెతుక్కుంటే చాలు. అయినా పెద్దవాళ్ళు ఆ పుస్తకమే తిరగేస్తారు. చదవడానికి కాదు, ఏం పాడాలో తోచేదాకా చేతికి పని.

2020 ఏప్రిల్‌లో ఎమర్జెన్సీ పెట్టినప్పుడు తలుపు మీద కాగితం అంటించి మూసేసింది. తెరిచాక రాత్రి ఎనిమిదికల్లా కట్టెయ్యాలి, మధ్యన ప్లాస్టిక్ అడ్డాలు, మాస్కులోంచి ఎన్‌క. ఎనిమిది కుర్చీల వాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు. ఎందుకు రాలేదో మమ చెప్పలేదు, మేం అడగలేదు.

ఇప్పుడు ఈ డిసెంబరు నెలాఖరుకి స్నాక్ పూర్తిగా మూసేస్తోంది. మమకి 76, మోకాళ్ళు. కూతురు ఒసాకాలో ఉంది, ఆమెకి ఇందులో ఆసక్తి లేదు. నువ్వు నడపకూడదా అని చేపలాయన నన్నడిగాడు, సగం సరదాకే. నా వీసా ఒప్పుకోదన్నాను. ఒప్పుకున్నా చెయ్యలేను. గ్లాసులు కడగడం, ముల్లంగి ఉడకబెట్టడం ఎవరైనా చేస్తారు. అరవైమంది శ్రుతులు గుర్తుపెట్టుకుని, ఎవరి ముందు ఏ పాట ఎత్తకూడదో కూడా గుర్తుపెట్టుకుని, నలభై ఏళ్ళు అదే నవ్వుతో కౌంటరు అవతల నిలబడటం నా వల్ల కాదు. చాలా వీధుల్లో స్నాకులు ఇలాగే మూతపడుతున్నాయి. కుర్రాళ్ళు గంటలెక్కన గది తీసుకుని స్నేహితులతోనే పాడుకుంటారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పాట వినే ఓపిక వాళ్ళకి లేదు. తప్పు పట్టను, నేనూ ఆ వయసులో వినేదాన్ని కాదు.

నవంబరు నుంచి మమ కొత్త సీసాలు అమ్మడం ఆపేసింది. గోడ మీద ఉన్నవి ఖాళీ చేసి వెళ్ళమంటోంది. అరలు బోసిపోతున్నాయి. పోస్టాఫీసు అమ్మాయి సీసా పోయిన వారం అయిపోయింది, దాని బిళ్ళని తాళంచెవికి తగిలించుకుంది. తాతగారి సీసా మెడలో బిళ్ళ మీద రెండు పేర్లున్నాయి, ఆయనదీ ఆవిడదీ. అందులో ఇంకా నాలుగువేళ్ళ విస్కీ ఉంది. మూడు వారాలుగా ఆయన వస్తున్నాడు, నాతో పాట పాడుతున్నాడు, మమ సీసా దించబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టి బార్లీ టీ ఇమ్మంటున్నాడు.