ఎత్తలేని చేయి

విజయనగరంలో బస్తాలు మోసి జీవించే ఒక పెద్దాయన ఇటీవల నమాజు అనంతరం మా వద్ద కూర్చున్నారు. "మౌల్వీ సాబ్, తక్బీరుకు కుడి చేయి చెవిదాకా లేవడం లేదు. భుజంలో ఎముక కొక్కెంలా వంగి ఉందట. ఆపరేషన్‌కు పొలం అమ్మాలా? అల్లాహ్ నా ఎముకనే ఇలా ఎందుకు చేశాడు?" అని అడిగారు.

భుజఫలకం పైఅంచు భుజంకీలుపై చూరులా వంగి ఉంటుంది. దానిని అక్రోమియన్ అంటారు. ఆ చూరు కింది ఇరుకుదారిలో చేతిని ఎత్తి తిప్పే కండరాల స్నాయువులు సాగుతాయి. ఆ నాలుగు కండరాల సముదాయమే రొటేటర్ కఫ్. 1986లో అమెరికా వైద్యుడు బిగ్లియానీ, ఆయన సహచరులు ఈ చూరును చదునైనది, వంపు తిరిగినది, కొక్కెం వంటిది అని మూడు విధాలుగా విభజించారు. స్నాయువులు చిరిగిన భుజాలలో కొక్కెం ఆకారమే ఎక్కువగా కనిపించింది. ఎముకే స్నాయువును ఒరుసుకుంటుందన్న అభిప్రాయం దీనితో బలపడింది.

అయితే రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేలిపోదు. వయసుతో, శ్రమతో స్నాయువు తనంతట తానే అరుగుతుంది. స్నాయువు పూర్తిగా చిరగకుండా నొప్పి మాత్రమే ఉన్న 313 మందిపై బ్రిటన్‌లో జరిగిన పరిశోధన 2018లో వెలువడింది. ఎముకను చెక్కించుకున్నవారికి, చెక్కకుండా కేవలం లోపల పరీక్షించి వదిలేసినవారికంటే చెప్పుకోదగ్గ అదనపు మేలు కలగలేదు.

కాబట్టి ఎముక వంపు శిక్ష కాదు, విధివ్రాత అంతకన్నా కాదు. మనుషుల ముఖాలలో ఉన్నట్టే ఎముకలలోనూ వైవిధ్యం ఉంది. పొందూరు రాట్నం వద్దనైనా, నెల్లిమర్ల జనపనార మిల్లులోనైనా పదేపదే ఒకే కదలికతో పనిచేసే భుజానికి మధ్యమధ్య విశ్రాంతి అవసరం. నొప్పి వస్తే ముందుగా వైద్యుని సలహాతో రెండు మూడు నెలలు వ్యాయామ చికిత్స చేయాలి. జారిపడిన తర్వాత హఠాత్తుగా చేయి లేవకపోతే మాత్రం ఆలస్యం తగదు. ప్రభుత్వ ఆసుపత్రి ఎముకల విభాగంలో వెంటనే చూపించుకోవాలి.

చికిత్స పొందమని దైవప్రవక్త (స) బోధించారు. చికిత్స తవక్కుల్‌కు విరుద్ధం కాదు. తక్బీరుకు చేతులెత్తడం సున్నత్. లేచినంతవరకు ఎత్తితే చాలు, నమాజుకు లోపం రాదు. శక్తికి మించిన భారం అల్లాహ్ ఎవరిపైనా మోపడు.

ఆ పెద్దాయనకు మేము చెప్పినదీ ఇదే. పొలం అమ్మే ముందు మరో వైద్యుని అభిప్రాయం తీసుకోమన్నాము. అల్లాహ్ ఆయనకు, వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.