యంత్రం కంటే ముందు పైకప్పు

సూరత్ నగరంలోని లింబాయత్ పరిసరాలలో తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా నివసిస్తున్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదంటే మనవారి సంఖ్య ఎంతటిదో పాఠకులు ఊహించవచ్చు. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాలే అక్కడా వారి జీవనాధారం.

ఆ మగ్గాలు సాధారణంగా 12 గంటల చొప్పున రెండు షిఫ్టులుగా నడుస్తాయి. రాత్రి షిఫ్టు చేసిన కార్మికుడు పగలు నిద్రించాలి. అంటే ఇంటిపై రేకులు కాలిపోయే వేళలోనే అతనికి విశ్రాంతి కావాలి. నిద్ర చాలనివాడు మగ్గం ముందు నిలబడితే తెగిన పోగు కంటికి ఆనదు; చేయి యంత్రంలో పడే ప్రమాదమూ ఉంటుంది. కనుక ఇంటి చల్లదనం అతనికి విలాసం కాదు, కూలి సంపాదనకు పెట్టుబడి. దానికోసం అప్పు చేయడం తప్పని నేను అనను. అయితే అప్పు దేనికి ముందు, దేనికి తరువాత అన్న వరుస తప్పుతున్నదని మాత్రం నా అభిప్రాయం.

ఊరి అనుభవంతో చాలామంది మొదట కొనేది ఎయిర్ కూలరు. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. మన ఊళ్ళలో మే నెల మధ్యాహ్నం వేడి 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్నదనుకుందాం. మంచి కూలరు నుంచి 28 డిగ్రీల గాలి రావచ్చు. సూరత్ సముద్రానికి దగ్గరగా, తాపీ నది ఒడ్డున ఉన్న నగరం. అక్కడ వేడి 36 డిగ్రీలే అయినా తేమ 60 శాతం ఉన్న రోజున అదే కూలరు 31 డిగ్రీల లోపు గాలిని ఇవ్వడం కష్టం. పైగా ఆ గాలి తేమతో నిండి ఉండడం వలన చెమట ఆరదు. దోషం యంత్రానిది కాదు, అక్కడి గాలిది. ఊళ్ళో బాగా పనిచేసిన వస్తువును సూరత్‌కు మోసుకుపోయే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కూలరు పనిచేయలేదని కొందరు వెంటనే ఏసీకి వాయిదాలు మొదలుపెడతారు. ఒక టన్ను ఏసీ రోజుకు 8 గంటలు నడిస్తే దాదాపు 5 నుంచి 6 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. నెలకు 150 యూనిట్లు దాటుతుంది. ఎండకు కాలే రేకుల కింద అది ఇంకా పెరుగుతుంది. వాయిదా ఏడాదిలో తీరినా కరెంటు బిల్లు యంత్రం ఉన్నంతకాలం వస్తూనే ఉంటుంది. "సున్నా వడ్డీ" అన్న ప్రకటననూ యథాతథంగా నమ్మరాదు. అటువంటి పథకాలలో వడ్డీని ప్రాసెసింగ్ రుసుము రూపంలో దాచుతున్నారని భారతీయ రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది.

మరి ముందు చేయవలసినది ఏమిటి? పైకప్పు. ఒక అంతస్తు ఇంటికి ఎండ ప్రధానంగా పైనుంచే దిగుతుంది. తెల్లని పైకప్పు ఆ ఎండలో అధిక భాగాన్ని తిప్పి పంపుతుంది. దీనివలన గది వేడి 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గగలదని అంచనా. 2010 మే నెల వడగాలులకు తల్లడిల్లిన అహ్మదాబాద్ నగరం 2013లో వేడి నివారణ ప్రణాళికను రూపొందించింది. 2017లో పేదల వాడలలో సుమారు 3,000 ఇళ్ళ పైకప్పులకు తెల్లపూత వేయించే పని చేపట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్నే ప్రకటించింది.

సిమెంటు స్లాబుకు సున్నం చాలు. సూరత్ వానలకు అది కొట్టుకుపోతుంది గనుక ఏటా హోలీ పండుగ వెళ్ళగానే మళ్ళీ వేయాలి. ఇనుప రేకుకు సున్నం నిలవదు. ఎండను తిప్పికొట్టే రంగు వేయాలి. రేకు కింద వెదురు తడికతోనో పలకలతోనో లోకప్పు కట్టి, మధ్య గాలి ఆడేలా ఖాళీ వదిలితే మరింత మేలు. ఆ తరువాత ఎదురెదురు కిటికీలు, వాటికి నీడ, ఒక మంచి పంకా. పాత పంకా 75 వాట్లు తింటే, బీఎల్‌డీసీ పంకా 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. ఇవన్నీ చేసిన పిదప కూడా నిద్ర పట్టకపోతే అప్పుడు ఏసీ గురించి ఆలోచించండి. చల్లబడిన గదికి చిన్న యంత్రమే సరిపోతుంది.

యంత్రం అమర్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు తప్పవు. కూలరును కిటికీ బయట ఉంచి, ఎదుటి కిటికీ తెరవాలి. మూసిన గదిలో పెడితే తేమ మాత్రమే మిగులుతుంది. ఏసీకి ఇందుకు విరుద్ధంగా సందులన్నీ మూయాలి. రెండింటికీ ఎర్తింగ్ తప్పనిసరి. తడిసిన ఇనుప కూలరు ప్రాణాలు తీయగలదు. ఏసీకి విడిగా తీగ, విడిగా ఎంసీబీ ఉండాలి. కూలరు నీటిని వారానికొకసారి పూర్తిగా పారబోసి తొట్టిని తోమాలి; లేకుంటే దోమలు పెరుగుతాయి. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. కనుక పల్లపు వాడలలో స్విచ్చి బోర్డును, ఇన్వర్టరును ఎత్తున అమర్చడం వివేకం. ఏసీని 24 డిగ్రీల వద్ద ఉంచి పంకా కలిపి వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది; 2020 నుంచి స్టార్ గుర్తు గల ఏసీలు ఆ అంకెతోనే వస్తున్నాయి.

ఇందులో ఒక చిక్కు ఉన్నదని మీరు అనవచ్చు. ఇల్లు అద్దెది, కప్పు యజమానిది. తన సొమ్ముతో ఇతరుల కప్పుకు రంగు వేసేవారెవరు? ఖాళీ చేసేటప్పుడు ఏసీని విప్పుకుపోవచ్చు, సున్నాన్ని కాదు. ఈ వాదన సబబైనదే. ఇక్కడే బ్యాంకుల బాధ్యత మొదలవుతుంది. యంత్రానికి దుకాణంలోనే నిమిషాల మీద అప్పు దొరుకుతున్నది. పైకప్పు మరమ్మతుకు చిన్న అప్పు అడిగితే మాత్రం పట్టా, హామీదారు కావాలంటాము. ఈ తేడా పోవాలి. వరుస గదులు అద్దెకిచ్చే యజమానికి, అద్దె రాబడి చూపి తీర్చే షరతుపై, అన్ని గదులకూ కలిపి పైకప్పు ఋణం ఇవ్వవచ్చు. అద్దెదారుల మహిళలు పొదుపు సంఘంగా ఉన్నచోట సంఘానికే ఇచ్చి, ఆ మొత్తాన్ని అద్దెలో మినహాయించేలా యజమానితో కాగితం రాయించవచ్చు. ఒక బ్రాంచి మేనేజరు పూనుకుంటే జరిగే పనులివి.

సూరత్ గదితో గ్రామీణ ఋణానికి సంబంధమేమిటని అడిగేవారికి ఒక్క మాట. ఆ గదిలో కరెంటుకూ వాయిదాకూ పోయే ప్రతి రూపాయి ఊళ్ళోని తల్లిదండ్రులకు పంపవలసిన సొమ్ములోనుంచే తగ్గుతుంది. అది తగ్గిన నెలలోనే మన పుస్తకాలలో ఇక్కడి పంట ఋణం వాయిదా మీరుతుంది.

కనుక మీ కుమారుడో తమ్ముడో ఏసీ కొంటానని ఉత్తరం రాసినా, ఫోను చేసినా వద్దనకండి. "కప్పుకు ఏమి చేశావు?" అని మాత్రం ముందుగా అడగండి.