సైకిలునకు త్రోవ

నా బాల్యమున వన్ టౌన్‌లో పాత పోస్టాఫీసునకు కొంచెము దూరమున ఒక సైకిలు దుకాణముండెడిది. దుకాణదారు తెల్లవారకముందే పది పండ్రెండు సైకిళ్లను తుడిచి, గాలి కొట్టి, గోడవెంట వరుసగా నిలిపెడివాడు. గంటకింత యని అద్దె. ప్రతి బండికిని వెనుక మడ్గార్డుపై తెల్లరంగుతో ఒక అంకె వేయబడియుండెడిది. మా పేరును, బయలుదేరిన వేళను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొని, మావైపు అనుమానముగా ఒకసారి చూచి, బండిని మా చేతికిచ్చెడివాడు. సీటుపై కూర్చున్నచో కాళ్లందని వయస్సు మాది. నడిమి కడ్డీ క్రిందనుండి కుడికాలు దూర్చి, ఒడలు ఒక ప్రక్కకు వంచి, సగము సగము త్రొక్కుచు నేర్చుకొంటిమి. మోకాలు చెక్కుకొనని వాడు మాలో లేడు. గంట ముగియుటకు రెండు నిమిషములు ముందుగా దుకాణము చేరవలెనను ఆతురతలోనే నాకు గడియారము చూచుట సరిగా అబ్బినదని ఇప్పటికిని నమ్ముదును.

ఆ కాలమున సైకిలునకు ఒక మర్యాద యుండెడిది. పురపాలక సంఘమువారు పన్ను గైకొని దానికొక బిళ్ల ఇచ్చెడివారు. రాత్రివేళ దీపము లేకున్నను, ఒక బండిపై ఇద్దరెక్కినను పోలీసువారు నిలిపి, చక్రములోని గాలి తీసి పంపెడివారు. అప్పుడు మాకు పట్టరాని కోపము వచ్చెడిది. కాని ఆలోచింపగా, నియమము విధించిరనగా ఇదియు రోడ్డుమీద నడువదగిన వాహనమే యని ఒప్పుకొన్నట్లే గదా! సాయంకాలము ఓడరేవులో పని విడిచిన వేళ హ్యాండిళ్లకు క్యారేజీలు తగిలించుకొని, గంటలు మ్రోగించుచు కార్మికులు గుంపులు గుంపులుగా వచ్చుచుండగా, రోడ్డు దాటదలచినవారు ఆగి నిలువవలసి వచ్చెడిది.

నేను 1984లో ఈ ప్రాంతమునందే ఒక బడిలో ఉపాధ్యాయుడుగా చేరితిని. అప్పుడు మా సైకిలు కొట్టములో చోటు చాలక కొందరు పిల్లలు బండ్లను వేపచెట్టునకు ఆనించి గొలుసు వేసెడివారు. 2019లో పదవీవిరమణ చేయుటకు ముందు ఒకనాడు ఊరక కొట్టములోనికి పోయి లెక్కించితిని. పదకొండు సైకిళ్లు. మిగిలిన చోటంతయు మా ఉపాధ్యాయుల మోటారు సైకిళ్లే.

ఆ యేడే ఎనిమిదవ తరగతి బాలుని తల్లి యొకతె నా గదికి వచ్చినది. "మేస్టారూ! మా గుంటడు సైకిలు కొనమని ప్రాణం తీస్తన్నాడండి. కొనమంటారా?" అని అడిగినది. ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాయామమును గూర్చియు, స్వయంకృషిని గూర్చియు బోధించినవాడను. అయినను ఆ తల్లికి 'కొనుమమ్మా' యని చెప్పుటకు నాకు నోరాడలేదు. ఆ బాలుడు వచ్చెడి త్రోవలో ఒక మలుపు కలదు. అచ్చట లారీలు ఏ వేళ ఏ వైపునుండి వచ్చునో తెలియదు. "ఆలోచించి చెప్పెదను" అంటిని. పెద్దలు తమకు మాట తోచనప్పుడు అనెడి మాట అది.

"సైకిలు పేదవాని బండి. జనులకు డబ్బు చేరినది, మోటారు సైకిలు కొనిరి. ఇందు విచారింపవలసినదేమి?" అని కొందరందురు. ఈ మాట సగమే నిజము. డబ్బు చేరినంతమాత్రమున సైకిలు పోవునట్లయినచో, మనకంటె ఎన్నోరెట్లు సంపన్నమైన నెదర్లాండ్స్ దేశమున అది ఎప్పుడో మాయమై యుండవలెను. ఆ దేశమున జనులు సుమారు 1 కోటి 80 లక్షలు. సైకిళ్లో, 2 కోట్ల 20 లక్షలకు పైబడియున్నవి! అచ్చటివారు చేసెడి ప్రయాణములలో నాల్గవవంతునకు మించి సైకిలు మీదనే జరుగును. 2010 మొదలు 2024 వరకు ప్రధానమంత్రిగా నుండిన మార్క్ రుట్టే తన కార్యాలయమునకు సైకిలు మీద పోవుచుండుట అచ్చటివారికి వింతగా తోచలేదు.

ఈ దేశస్థులు మన ప్రాంతమునకు క్రొత్తవారు కారు. మన పెద్దలు ఒలందావారని పిలిచినది వీరినే. 17వ శతాబ్దిలో బట్టల వర్తకమునకై వచ్చి, మనకు సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న భీమునిపట్టణమున స్థావర మేర్పరచుకొనిరి. 1825లో ఆ స్థావరము ఆంగ్లేయుల పరమైనది. వారి సమాధులు భీమిలిలో నేటికిని కలవు. నాడు వారు మన బట్టలు కొనిపోయిరి. నేడు మనము వారినుండి ఒక మంచి ఆలోచనను తెచ్చుకొన్నచో తప్పులేదు.

విద్యార్థులారా! ఒక విషయమును మీరు ముఖ్యముగా గమనింపవలెను. ఒలందావారికి ఈ సుఖము ఊరక రాలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత వారి దేశమునను కార్లు ప్రబలెను. రోడ్లు వానికై వెడల్పు చేయబడెను. సైకిళ్లు ఏటేట తగ్గుచు వచ్చెను. 1971వ సంవత్సరమున ఆ చిన్న దేశమున రోడ్డు ప్రమాదములలో సుమారు 3,300 మంది మరణించిరి. అందు 400 మందికి పైగా పిల్లలు. కన్నకూతురును ఇట్లే పోగొట్టుకొన్న విక్ లాంగెన్‌హాఫ్ అను పత్రికా రచయిత మరుసటి యేట, పిల్లల హత్య మానుడను అర్థము వచ్చు శీర్షికతో వ్యాసము వ్రాసెను. ఆ శీర్షికయే ఒక ఉద్యమమునకు పేరయ్యెను. తల్లిదండ్రులు పిల్లలతో కూడ వీథులలో కూర్చుండిరి. అంతలో 1973లో చమురు కరవు వచ్చెను. ఇంధనము ఆదా చేయుటకై ఆ దేశప్రభుత్వము కొన్ని ఆదివారములు కార్లను నిషేధింపగా, జనులు పెద్ద పెద్ద రహదారులమీద నడిచియు, సైకిలు త్రొక్కియు, కార్లు లేని రోడ్డు ఎట్లుండునో కన్నులార చూచిరి. తరువాతి మార్పులన్నియు దాదాపు ఏబదియేండ్ల పని.

ఆ పనియేమి? సైకిలునకు వేరుగా ఎఱ్ఱని బాట వేసిరి. ఇండ్ల నడుమనుండు వీథులలో బండ్ల వేగమును గంటకు 30 కిలోమీటర్లకు తగ్గించిరి. బడిపిల్లలకు పండ్రెండేండ్లు నిండులోపల నిజమైన వీథిలోనే సైకిలు పరీక్ష పెట్టుచుందురు. (మన బడులలోను ఇట్టి పరీక్ష యున్నచో ఎందరు బాలురు లెక్కలలో పోయిన మార్కులను ఇందు సంపాదించుకొందురో!) అన్నిటికంటె తెలివైన పని మరియొకటి. వారు సైకిలును రైలుతో ముడివేసిరి. రైలెక్కువారిలో పదిమందికి నలుగురు ఇంటినుండి స్టేషనునకు సైకిలుమీదనే వత్తురు. ఉట్రెక్ట్ నగరపు స్టేషనులో 12,500 సైకిళ్లు నిలుపు చోటు 2019లో పూర్తియైనది. దిగిన ఊరిలో సైకిలు కావలసినచో స్టేషనులోనే అద్దెకు దొరకును. రైలునకు, బస్సునకు, ట్రాముకు ఒకటే కార్డు చెల్లును. మా పాత పోస్టాఫీసు దుకాణదారు చేసిన వ్యాపారమునే ఒక రైలు సంస్థ దేశమంతట చేయుచున్నదని విన్నప్పుడు నాకు గర్వమువంటిది కలిగినది.

ఇక మనవారి ఆక్షేపణలు. ఎండ అందురు. మన తండ్రులు ఈ యెండలోనే త్రొక్కిరి. ఒలందావారికి ఎండ లేకున్నను ఎదురుగాలి, ఎడతెగని జల్లు, చలి కలవు. కొండలందురు. వన్ టౌన్‌కు ప్రక్కన మూడు కొండలున్న మాట నిజమే. ఒకదానిపై మేరీమాత గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి. ఆ కొండలెక్కువారు భక్తితో నడిచియే యెక్కుదురు. కోటవీథికిని కురుపాం మార్కెట్టునకును పోవువారికి ఆ కొండలతో పనిలేదు.

దూరమను ఆక్షేపణ మాత్రము త్రోసివేయదగినది కాదు. ఓడరేవు 1933లో తెరవబడిన నాటి పట్టణము కాదిది. 1992లో జాతికి అంకితము చేయబడిన ఉక్కు కర్మాగారము మన పేటనుండి ఇరువది కిలోమీటర్లకు మించి దూరమున నున్నది. గాజువాక, పెందుర్తి, మధురవాడ అన్నియు ఒకే నగరమైనవి. ఇంత దూరము సైకిలుమీద పోయి పనిచేసి రమ్మనుట న్యాయము కాదు. కనుకనే నేను సైకిలును ఒంటరిగా పొగడను. దూరము బస్సుది. ఇంటినుండి బస్సు వరకు సైకిలుది.

మన బస్సులపై ఓ.హెచ్.పి.ఓ. అని వ్రాసియుండుట మీరు చూచియుందురు. పాత హెడ్ పోస్టాఫీసని దాని యర్థము. నగరపు పలు దిక్కులనుండి వచ్చు బస్సులకు మన పేట చివరి మజిలీ. 2025 ఆగష్టు 15 నుండి రాష్ట్రమున సిటీ బస్సులలో స్త్రీలు టిక్కెట్టునకు డబ్బు చెల్లింపకుండ ప్రయాణము చేయుచున్నారు. బస్సు కలదు, టిక్కెట్టు భారము తగ్గినది. మరి ఆ బస్సునకును ఇంటి గడపకును నడుమనున్న ఒక కిలోమీటరు మాటయేమి? చేతిలో సంచి, నెత్తిమీద ఎండ, కాలిబాటపై నిలిపిన బండ్లు, ప్రక్కనే లారీ. నా యెరుకలో ఈ ఒక్క కిలోమీటరే చాలమంది చేత అప్పుచేసి మోటారు సైకిలు కొనిపించినది. కొన్నవాడు ఇక బస్సు స్టాపు వరకే దానిని నడుపునా? ఉద్యోగము వరకు దానిమీదనే పోవును. బస్సునకు ఒక ప్రయాణికుడు తగ్గును, రోడ్డుమీద ఒక బండి హెచ్చును, ఇంకొక తల్లి తన పిల్లవానికి సైకిలు కొనుటకు భయపడును.

పూర్వము ప్రతి సినిమాహాలులోను సైకిలు స్టాండుండెడిది. చీటీ ఇచ్చి, బండి చూచుటకు ఒక మనిషి కూర్చుండెడివాడు. మూడు గంటల వినోదమునకు మనకా సౌకర్యముండినది. ప్రతిదినము పనికి పోవువారికి బస్సు స్టాపువద్ద అట్టిది ఏల యుండరాదు?

పెద్ద పథకములు లేకపోలేదు. హైదరాబాదున ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 23 కిలోమీటర్ల పొడవున, పైన సూర్యశక్తి పలకల కప్పుతో సైకిలు బాటను 2023 అక్టోబరు 1న తెరచిరి. చూడ ముచ్చటైన కట్టడము. వ్యాయామము చేయువారికి ఎంతయు మేలు. కాని నగరపు అంచున నున్న ఆ బాట నడివీథులలోని బడిపిల్లలకు ఉపయోగపడునది కాదు. మన విశాఖకు మెట్రో రైలు సాధ్యాసాధ్యములను పరిశీలింపవలెనని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టముననే కలదు. అది రానిండు, సంతోషమే. నేను కోరునది మాత్రము అంత ఖరీదైనది కాదు.

మార్గశిర మాసమున గురువారములలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనమునకు వేలాది జనులు వత్తురు. ఆ దినములలో గుడి చుట్టునున్న వీథులలోనికి బండ్లను రానీయరు. ముసలివారు, చంటిపిల్లల తల్లులు నడివీథిలో నిర్భయముగా నడుతురు. దుకాణములు మూతపడవు, పైగా బేరములు హెచ్చును. అమ్మవారికొరకు నెలకు నాలుగు దినములు మనము చేయగలిగిన పనిని బడిపిల్లలకొరకు దినమునకు రెండు పర్యాయములు, ముప్పాతిక గంట చొప్పున చేయలేమా? ఉదయము బడి పెట్టు వేళ, సాయంకాలము విడుచు వేళ వన్ టౌన్‌లో నాలుగైదు వీథులు నడచువారికి, సైకిళ్లకు మాత్రమే విడువవలెను. ఆ సమయమున లారీలు ఈ పేటలోనికి రాకూడదు. పాత పోస్టాఫీసు బస్సు స్టాపువద్ద కాపలా కల సైకిలు స్టాండొకటి పెట్టవలెను. ఈ యిరుకు వీథులలో కార్లు ఎట్లును కష్టముగానే కదలుచున్నవి. నూతన నగరములు ఎంతో ధనము వెచ్చించి కట్టుకొను ఇరుకు వీథులను మన తాతలు ఊరకే యిచ్చిపోయిరి.

మార్కెట్టు వర్తకులు సరకు దింపుకొనుట ఎట్లని అడుగుదురు. తెల్లవారుజామున, రాత్రివేళ దింపుకొనవచ్చును, ఇప్పుడును చాలమంది అట్లే చేయుచున్నారు. ఆటోవారి జీవనమును గూర్చి అడిగినచో నావద్ద పూర్తి సమాధానము లేదు. వృద్ధులకు, రోగులకు ఆటో ఎప్పుడును కావలసినదే. కాని ముగ్గురు పట్టు సీటులో ఎనమండుగురు పిల్లలను కుక్కి, పుస్తకముల సంచులను వెలుపల వ్రేలాడదీసి నడుపుట జీవనమైనను మెచ్చుకొనలేను.

నాకు సమాధానము చెప్ప నోరాడని ఆ బాలుడు పదవ తరగతి ముగియు వరకు అట్టి ఆటోలోనే బడికి పోవుచుండెను. వాని యిల్లు బడికి ఒక కిలోమీటరు. ఆ తల్లి ఇప్పటికిని కురుపాం మార్కెట్టులో నాకు కనబడినప్పుడు నమస్కరించి, కుశలమడిగి పోవుచుండును. సైకిలు మాట మరల ఎన్నడును ఎత్తలేదు.