పందెం లేని ఆట

మా కౌతాళం వైపు పెద్దవయసు మగవారికి కానుక అంటే పంచె, తువాలు, మహా అయితే చేతిగడియారం. ఎమ్మిగనూరు మగ్గం బట్టను నేను తక్కువ చేయను. కానీ ఆటవస్తువు ఇస్తామంటే మాత్రం “ఆయనేమైనా చిన్నపిల్లవాడా?” అని నవ్వుతారు. వామనగుంటలు, అష్టాచెమ్మా ఆడవారి చేతుల్లో చింతపిక్కలతోనే సాగాయి. మగవారి ఆట మాత్రం చాలాచోట్ల పేకముక్కల పాలై, పందెంగా మారింది.

1974 నాటి మన రాష్ట్ర జూద నిషేధ చట్టాన్ని 2020లో ఆన్‌లైన్ పందేలకూ విస్తరించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా నిషేధించింది. మంచిదే. అయితే చట్టం చెడ్డ ఆటను తీసివేయగలదు గానీ, ఆ ఖాళీలో మంచి ఆటను తెచ్చి పెట్టలేదు. ఆ పని ఇంటివారిది.

నన్నడిగితే మొదటి కానుక పులి-మేక. సాధారణంగా 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేకలు ఒకదాని వెనుక ఒకటి నిలిచి పులిని కదలకుండా కట్టేస్తాయి. బలం ఒకరిది, సంఖ్య మరొకరిది. సరిహద్దు దాటితే కన్నడిగులు దీనినే ఆడు-హులి అంటారు. బేతంచర్ల నాపరాతి పలక మీద గీతలు చెక్కించి ఇస్తే తరతరాలు నిలుస్తుంది. ఒక మేక పోయినా చింతపిక్క ఉండనే ఉంది.

కొనిచ్చే ఆటలో నేను చూసేవి మూడు. నియమాలు నోటితో చెప్పగలిగేలా ఉండాలి. పెట్టె మీది ఆంగ్లం చదవలేని వానికి ఆ కానుక అవమానమవుతుంది. పావులు చూపు మందగించిన కంటికి, వణికే వేలికి అందాలి. మూడవది అన్నిటికంటే ముఖ్యం: ఎదుట కూర్చునేవారు ఎవరు?

ఈ ప్రశ్న మా సీమలో ఊరకే పుట్టలేదు. వానలు మొహం చాటేస్తే కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి తరలిపోతాయి. ఇంటి దగ్గర మిగిలేది ముసలివారు. అటువంటి వానికి రూబిక్ ఘనమో, బొమ్మ ముక్కలు అతికించే పజిలో ఇచ్చి “కాలక్షేపం చేసుకో” అనడం నాకు నచ్చదు. ఒంటరిగా విప్పుకునే చిక్కుముడి, తోడు ఉన్నవానికి వినోదం. తోడు లేనివానికి అది మరొక ఒంటరితనం. గళ్ళ నుడికట్టు కొంత మేలు. చిక్కని మాట కోసం ఎవరికైనా ఫోను చేసే నెపమైనా దొరుకుతుంది.

చదరంగమైనా, దాడి ఆటైనా ఇద్దరు కూర్చుంటేనే ఆట. కనుక పలకతోపాటు రచ్చకట్ట మీది ఒక స్నేహితుణ్ణి కూడా వెదికిపెట్టండి. పండుగకు వచ్చినప్పుడు ఫోను పక్కన పెట్టి, రెండు ఆటలు మీరే ఓడిపోండి. కానుకలో అసలు ఖరీదైనది ఆ గంట సమయమే.

మీ ప్రాంతంలో పులి-మేకను ఎన్ని పులులతో ఆడతారో, ఎవరైనా చెబితే సంతోషిస్తాను.